ఆ రికార్డు వేసింది ఎవరు?

వెర్నన్ విన్స్‌లో న్యూ ఆర్లీన్స్‌లోని డిలార్డ్ యూనివర్సిటీలో ఆర్టు మాస్టారు. 1948లో డబ్ల్యూజేఎంఆర్ అనే రేడియో స్టేషనుకి ఉద్యోగం అడగడానికి వెళ్ళాడు. ఊళ్ళో నల్లజాతి వాళ్ళు ఇష్టపడే పాటలు వేస్తూ, వాళ్ళు వీధిలో మాట్లాడుకునే భాషలోనే మాట్లాడే కార్యక్రమం పెడదామన్నది ఆయన ఆలోచన. స్టేషను వాళ్ళకి ఆలోచన నచ్చింది. మనిషి లేత రంగులో ఉండటంతో అనుమానం వచ్చి, నువ్వు నల్లజాతివాడివా అని అడిగారు. అవునన్నాడు. అంతే, మైకు ముందు కూర్చునే దారి మూసుకుపోయింది. రికార్డులు ఎంచి పెట్టడం, మాటలు రాసివ్వడం, ఒక తెల్ల అనౌన్సరుకి ఆ మాటల్ని ఎక్కడ సాగదియ్యాలో ఎక్కడ తుంచాలో నేర్పడం ఆయన పని అయింది. ఆ గొంతుకి ‘పాపా స్టాపా’ అన్న పేరూ అక్కడే పుట్టింది. ఒకరోజు విన్స్‌లో తను రాసిన మాటలు తనే మైకులో చదివాడు. ఉద్యోగం పోయింది. పాపా స్టాపా పేరు మాత్రం స్టేషను దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తెల్లవాళ్ళు ఆ పేరుతో మాట్లాడారు.

రాక్ అండ్ రోల్, రేడియో అనగానే అందరూ అలన్ ఫ్రీడ్ అనే తెల్ల డీజేతో (రేడియోలో రికార్డులు వేస్తూ మాట్లాడే మనిషిని డీజే అంటారు) మొదలుపెడతారు. క్లీవ్‌లాండ్, 1951, ఆ సంగీతానికి పేరు పెట్టిన మనిషి అని. ‘రాక్ అండ్ రోల్’ అన్న మాటలు నల్లజాతి పాటల్లో అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ ముందు నుంచే ఉన్నాయి. ఆ సంగతి పక్కన పెట్టినా, కథ ఫ్రీడ్‌తో మొదలైతే అసలు విషయం కళ్ళకి ఆనదని నా వాదన. డీజేని డీజే చేసింది ఏ రికార్డు వెయ్యాలో తనే తేల్చుకునే హక్కు. పేరు, కేకలు, హడావిడి అన్నీ దాని తర్వాతే. విన్స్‌లో దగ్గర ఆ హక్కు ఉంది, గొంతు లేదు. పన్నెండేళ్ళు తిరిగేసరికి అమెరికాలో చాలామంది డీజేల దగ్గర గొంతు మిగిలింది, ఆ హక్కు పోయింది.

ఆ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1930లలో పెద్ద రేడియో అంటే స్టూడియోలో కూర్చుని వాయించే ఆర్కెస్ట్రా. రికార్డు వెయ్యడం పేద స్టేషన్ల పని. ‘రేడియో ప్రసారానికి అనుమతి లేదు’ అని రికార్డుల మీద ముద్ర కూడా ఉండేది. 1940లో న్యూయార్కులోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ ముద్రకి విలువ లేకుండా చేసింది: రికార్డు కొన్నాక దాన్ని ప్రసారం చెయ్యకుండా ఆపే హక్కు తయారుచేసినవాడికి లేదంది. దాంతో ఒక రికార్డుని ఒక్కసారి కొని ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. పాట రాసినవాళ్ళకి వాళ్ళ సంఘాల ద్వారా డబ్బు వెళ్తుంది. పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి ప్రసారం మీద పైసా రాదు. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం స్టేషన్ల విషయంలో ఇది ఇవాళ్టికీ మారలేదు.

యుద్ధం ముగిసేసరికి వెయ్యికి లోపున్న ఏఎం స్టేషన్లు 1950 నాటికి రెండు వేలు దాటాయి. అదే సమయంలో టెలివిజన్ వచ్చి పెద్ద నాటకాల్నీ, హాస్య కార్యక్రమాల్నీ, వాటి వెనకున్న ప్రకటనల డబ్బునీ పట్టుకుపోయింది. ఊరి స్టేషనుకి మిగిలింది గంటల కొద్దీ ఖాళీ సమయం. దాన్ని నింపడానికి ఒక మనిషి, రెండు టర్న్‌టేబుళ్ళు చాలు. యజమానికి ప్రకటనలు అమ్ముడుపోతే చాలు, రాత్రి పదకొండింటికి ఏ పాట వేశారని అడిగేవాడు కాదు. డీజే స్వేచ్ఛ ఆ పట్టనితనంలోంచి పుట్టింది.

మెంఫిస్‌లోని డబ్ల్యూడీఐఏ దీనికి మంచి ఉదాహరణ. 1947లో మొదలైంది. 250 వాట్లు, పగలు మాత్రమే ప్రసారం, యజమానులు ఇద్దరూ తెల్లవాళ్ళు. మిగతా స్టేషన్లు వేసే పాటలే వేసి నష్టపోతున్నారు. 1948 అక్టోబరులో, వేరే దారి లేక, నాట్ డి. విలియమ్స్‌ని మైకు ముందు కూర్చోబెట్టారు. ఆయన బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు. బడి అయ్యాక సాయంత్రం వచ్చి ప్రసారం చేసేవాడు. కొద్ది కాలంలోనే స్టేషను మొత్తం నల్లజాతి శ్రోతల వైపు తిరిగింది. రైలీ కింగ్ అనే కుర్రాడు అక్కడ ఒక టానిక్కు ప్రకటన పాడుతూ, ఆ తర్వాత డీజేగా రికార్డులు వేస్తూ పేరు తెచ్చుకున్నాడు. ‘బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్’ అనే రేడియో పేరు కుదించుకుపోయి బి.బి. కింగ్ అయింది. 1954లో స్టేషను 50,000 వాట్లకి ఎదిగింది. ఫ్రీడ్ క్లీవ్‌లాండ్‌లో రాత్రి కార్యక్రమం మొదలుపెట్టేనాటికి విలియమ్స్ రెండున్నరేళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నాడు.

వాట్ల సంగతి వచ్చింది కాబట్టి రాత్రి గురించి చెప్పాలి. ఏఎం అంటే మనం మీడియం వేవ్ అనేదే. పగలు ఎండకి వాతావరణం పైభాగంలో ఏర్పడే ఒక పొర ఆ తరంగాల్ని మింగేస్తుంది కాబట్టి స్టేషను చుట్టుపక్కలకే వినబడుతుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది, తరంగాలు ఇంకా పై పొరకి తగిలి వందల మైళ్ళ అవతల దిగుతాయి. రాత్రిపూట మీడియం వేవ్‌లో ముల్లు తిప్పుతూ ఎక్కడెక్కడి ఊళ్ళ స్టేషన్లో విన్నవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. అందుకే చిన్న స్టేషన్లు చాలావాటికి పొద్దుగూకగానే కట్టెయ్యాలని నియమం ఉండేది. లేకపోతే ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. 50,000 వాట్ల పెద్ద స్టేషన్లకే రాత్రి రాజ్యం.

నాష్‌విల్‌లోని డబ్ల్యూఎల్ఏసీ అలాంటిది. 1940ల చివర్నుంచి రాత్రిళ్ళు జీన్ నోబుల్స్, జాన్ రిచ్‌బర్గ్, హాస్ ఆలెన్ అక్కడ రిథమ్ అండ్ బ్లూస్ అనే నల్లజాతి సంగీతం రికార్డులు వేశారు. ముగ్గురూ తెల్లవాళ్ళు. వాళ్ళని నల్లజాతివాళ్ళే అనుకున్న శ్రోతలకి లెక్కలేదు. మధ్య పడమటి రాష్ట్రాల దాకా, ఇటు కరీబియన్ దీవుల దాకా వినబడేది. కార్యక్రమానికి డబ్బు పెట్టింది పోస్టులో రికార్డులు అమ్మే దుకాణాలు. గాలటిన్ అనే ఊళ్ళో ర్యాండీ వుడ్ నడిపిన దుకాణం వాటిలో ముఖ్యమైనది. తలనూనె, పోస్టులో వచ్చే కోడిపిల్లలు కూడా ఆ ప్రకటనల్లో ఉండేవి. రికార్డు షాపే లేని పల్లెటూరి కుర్రాడు రాత్రి పాట విని, చీటీ రాసి పంపితే రికార్డులు ఇంటికి వచ్చేవి. నల్లజాతి పాటల మీద అంత వ్యాపారం చేసిన ఆ ర్యాండీ వుడ్డే డాట్ రికార్డ్స్ పెట్టాడు. ఫ్యాట్స్ డామినో, లిటిల్ రిచర్డ్ అనే నల్లజాతి గాయకుల పాటల్ని పాట్ బూన్ అనే తెల్ల గాయకుడితో మళ్ళీ పాడించి అమ్మింది ఆ కంపెనీయే. ఒకే మనిషి రెండు మార్కెట్లకీ సరుకు అందించాడు. మధ్యలో అసలు రికార్డు వెయ్యాలా, నకలు వెయ్యాలా అన్నది డీజే తేల్చాల్సిన ప్రశ్న.

ఇప్పుడు రికార్డు వేసేటప్పుడు డీజే చెయ్యి చేసే పనిని దగ్గర్నుంచి చూద్దాం. దీని గురించి రాసేవాళ్ళు తక్కువ. పెద్ద నగరాల్లో యూనియన్ నియమాల వల్ల మీటలన్నీ ఇంజనీరు చేతిలో ఉండేవి, అనౌన్సరు సైగ చేసి మాట్లాడేవాడు. చిన్న స్టేషన్లలో అన్నీ ఒక్కడే. రికార్డుని పళ్ళెం మీద పెట్టి, ముల్లుని మొదటి గాడిలో దించి, ఆ టర్న్‌టేబుల్ శబ్దాన్ని పెంచి తగ్గించే గుండీని పూర్తిగా ఎడమకి, సున్నా దాటి టిక్కుమనే దాకా తిప్పాలి. అప్పుడు ఆ శబ్దం గాలిలోకి వెళ్ళదు, పక్కనున్న చిన్న స్పీకర్లో డీజేకి మాత్రమే వినబడుతుంది. వేలితో రికార్డుని తిప్పుతూ మొదటి స్వరం ‘గుర్ర్’మని తగిలిన చోట ఆపాలి. అక్కణ్ణుంచి వెనక్కి, 45 వేగపు రికార్డయితే పావు చుట్టు, 78 అయితే అర చుట్టు తిప్పి ఉంచాలి. 45 వేగంలో ఒక చుట్టుకి 1.33 సెకన్లు పడుతుంది కాబట్టి పావు చుట్టు అంటే సెకనులో మూడో వంతు. మోటారు పూర్తి వేగం అందుకోవడానికి ఇచ్చే గడువు అది. తక్కువ తిప్పితే మొదటి స్వరం మూలుగుతూ కింద నుంచి పైకి జారుతుంది. ఎక్కువ తిప్పితే గాలిలో నిశ్శబ్దం. ఆ రోజుల్లో సెకను నిశ్శబ్దం పడినా శ్రోత రేడియో ముల్లు తిప్పేసేవాడు.

చెయ్యి తిరిగినవాళ్ళు ఈ గడువు కూడా అక్కర్లేకుండా చేసుకున్నారు. పళ్ళెం మీద ఫెల్టు గుడ్డ వేసి, మోటారుని తిరగనిస్తూనే రికార్డు అంచుని వేలితో పట్టుకుంటారు. కింద పళ్ళెం తిరుగుతుంటుంది, పైన రికార్డు కదలదు. మాట చివరి అక్షరం మీద వేలు తీస్తే పాట పూర్తి వేగంతో అందుకుంటుంది. మాటకీ పాటకీ మధ్య సందు ఉండదు. రాక్ అండ్ రోల్ రేడియో వినేవాడికి ఊపిరాడనివ్వనట్టు అనిపించిందంటే దానికి కారణం ఈ వేలే. దీనికి మూల్యం రికార్డు చెల్లించింది. బరువైన ముల్లు కింద అదే చోట ముందుకీ వెనక్కీ తిప్పడంతో మొదటి గాడి కాలినట్టు అరిగి, పాట మొదట్లో బుస్సుమనే చప్పుడు వచ్చేది. వినైల్ కంటే చవకైన స్టైరీన్ ప్లాస్టిక్‌తో పోసిన రికార్డులు ఇంకా త్వరగా పాడయ్యేవి. అల్యూమినియం పళ్ళేనికి లాకరు పూసి కోసిన నమూనా రికార్డు మరీ మెత్తన. కొన్ని పదులసార్లు వేసేసరికి పాటలో తళుకు చచ్చిపోతుంది.

1954 జూలైలో శామ్ ఫిలిప్స్ మెంఫిస్‌లో డ్యూయీ ఫిలిప్స్ చేతిలో పెట్టింది అలాంటి లాకరు పళ్ళెమే. ఇంటి పేరు ఒకటే అయినా వీళ్ళిద్దరూ చుట్టాలు కారు. శామ్‌ది సన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ. డ్యూయీ, చిస్కా హోటల్లో ఉన్న డబ్ల్యూహెచ్‌బీక్యూలో రాత్రి కార్యక్రమం నడిపే తెల్ల డీజే. శ్రోతల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఇద్దరూ ఉండేవారు. పళ్ళెం మీద ఉన్నది ఎల్విస్ ప్రెస్లీ అనే పందొమ్మిదేళ్ళ లారీ డ్రైవరు జూలై 5న పాడిన పాట. అది ఇంకా దుకాణాల్లోకి రాలేదు, అచ్చే పడలేదు. ఏ జాబితాలోనూ లేదు. డ్యూయీ దాన్ని ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ వేశాడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. సినిమా హాల్లో కూర్చున్న కుర్రాణ్ణి పిలిపించి, మైకు తెరిచి ఉందని చెప్పకుండానే మాట్లాడించాడు. ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు ఎల్విస్. స్కూళ్ళు రంగుల వారీగా విడివిడిగా ఉన్న ఊళ్ళో, పాడింది తెల్ల కుర్రాడని శ్రోతలకి తెలిసిపోయింది. రంగు అన్న మాట ఎవరి నోటా రాలేదు. రికార్డు సన్ 209 నంబరుతో జూలై 19న వచ్చింది. అప్పటికే ఊళ్ళో ఆర్డర్లు పడి ఉన్నాయి.

ఒక మనిషి ఒక రాత్రి తీసుకున్న నిర్ణయం ఇంత దూరం వెళ్ళడం చిన్న కంపెనీలకి వరమూ, గండమూ రెండూను. డీజే పాట వెయ్యగానే ఆర్డర్లు వస్తాయి. అచ్చు వేసే ఫ్యాక్టరీకి డబ్బు ముందే కట్టాలి. పంపిణీదారు నెలల తర్వాత ఇస్తాడు, అమ్ముడుపోనివి తిప్పి పంపుతాడు. పాట హిట్టయిన కంపెనీయే డబ్బు అందక మునిగిపోయేది. 1955 నవంబరులో శామ్ ఫిలిప్స్ ఎల్విస్ కాంట్రాక్టుని ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీకి 35,000 డాలర్లకి అమ్మడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ఇక ఫ్రీడ్. ఆయన్ని తక్కువ చెయ్యాలని నాకు లేదు. క్లీవ్‌లాండ్‌లో రికార్డు షాపు నడిపే లియో మింట్జ్, తెల్ల పిల్లలు వచ్చి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు కొనుక్కుపోవడం కౌంటరు దగ్గర గమనించాడు. డబ్ల్యూజేడబ్ల్యూలో రాత్రి సమయం కొని ఫ్రీడ్‌ని కూర్చోబెట్టాడు. ఆ రకంగా ఫ్రీడ్ చెవులు మొదట మింట్జ్ కౌంటరు దగ్గర తెరుచుకున్నాయి. పాట నడుస్తుండగా మైకు తెరిచే ఉంచి, టెలిఫోను డైరెక్టరీ మీద చేత్తో తాళం వేసేవాడు, ఆవుగంట కొట్టేవాడు. ట్రాన్స్‌మిటరు ముందు ఉండే లిమిటరు గట్టి దెబ్బ తగలగానే మొత్తం శబ్దాన్ని ఒక్క క్షణం తగ్గిస్తుంది. అలాంటప్పుడు వెనకున్న పాట దెబ్బ దెబ్బకీ అణిగి మళ్ళీ పైకి లేస్తుంది, గదిలో ఎవరో డ్రమ్ము వాయిస్తున్నట్టే ఉంటుంది.

1952 మార్చి 21న ఆయన తన రేడియో కార్యక్రమం పేరుతోనే క్లీవ్‌లాండ్ అరీనాలో పెట్టిన ‘మూన్‌డాగ్’ కచేరీకి, దాదాపు పదివేలు పట్టే హాలుకి, దాని రెట్టింపు జనం వచ్చారు. తలుపులు విరిగాయి, కచేరీ మొదలవుతూనే ఆగింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ఇంతమంది శ్రోతలు ఉన్నారని ఊళ్ళో పెద్దలకి ఆ రాత్రే తెలిసింది. 1954లో న్యూయార్కు డబ్ల్యూఐఎన్ఎస్‌కి వెళ్ళాక, మూన్‌డాగ్ తన పేరని ఒక అంధ వీధి సంగీతకారుడు కేసు వేసి గెలిచాడు. కార్యక్రమానికి ‘రాక్ అండ్ రోల్’ అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. ఇవన్నీ ఒక ఎత్తు. తెల్లవాళ్ళు పాడిన నకళ్ళు చేతికి అందుతున్నా పక్కన పెట్టి, నల్లజాతి కళాకారుల అసలు రికార్డులే వెయ్యడం ఇంకో ఎత్తు. నా దృష్టిలో ఫ్రీడ్ గొప్ప అంతా అక్కడే ఉంది.

ఆయన తప్పు కూడా ఆ ఎంపికలోనే ఉంది. 1955లో నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ మొదటి రికార్డు ‘మేబెలీన్’ వచ్చినప్పుడు రచయితలుగా మూడు పేర్లు పడ్డాయి: బెర్రీ, రస్ ఫ్రాటో, ఫ్రీడ్. రాసింది బెర్రీ ఒక్కడే. 1909 చట్టం ప్రకారం ఒక్కో రికార్డుకి పాట మీద వచ్చేది 2 సెంట్లు. మామూలుగా అందులో సగం ప్రచురణకర్తకి, సగం రచయితకి. ఆ ఒక్క సెంటుని మూడు వాటాలు వేస్తే పది లక్షల కాపీల మీద ఒక్కొక్కరికి 3,333 డాలర్లు. రేడియోలో పడిన ప్రతిసారీ వచ్చేది వేరే. అంటే ఫ్రీడ్ ఆ పాటని ఎంత ఎక్కువ వేస్తే బెర్రీ జేబులోంచి అంత ఎక్కువ పోతుంది. పాట మీద పూర్తి హక్కు బెర్రీకి తిరిగి రావడానికి 1986 దాకా పట్టింది. పాట వెయ్యమని కంపెనీలు డీజేకి కవర్లో పెట్టి ఇచ్చే నోట్ల కంటే ఇది చాలా పెద్ద అన్యాయం. కవరు ఇచ్చేది కంపెనీ. ఇక్కడ ఇచ్చుకున్నది రాసినవాడు.

‘పేయోలా’ అన్న ఈ లంచాల గొడవ 1959 చివర్లో బద్దలైంది. అప్పటికి డీజే డబ్బు తీసుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరమే కాదు. ఎప్పుడూ డబ్బు తీసుకోలేదని సంతకం పెట్టమని, అప్పటికి ఫ్రీడ్ పనిచేస్తున్న డబ్ల్యూఏబీసీ స్టేషను ఆయన్ని అడిగింది. పెట్టనన్నాడు. నవంబరులో ఉద్యోగం పోయింది. ఆ స్టేషను యజమాని ఏబీసీ సంస్థ టీవీలోనే పాటల కార్యక్రమం నడిపే డిక్ క్లార్క్‌కి ముప్పైకి పైగా సంగీత వ్యాపారాల్లో వాటాలుండేవి. వాటిని వదులుకోమన్నారు, వదులుకున్నాడు, నిలబడ్డాడు. ఫ్రీడ్ మీద న్యూయార్కు రాష్ట్ర చట్టం కింద కేసు నడిచింది. 1962లో రెండు నేరాలు ఒప్పుకుంటే పడింది 300 డాలర్ల జరిమానా, అమలుకాని జైలు శిక్ష. 1965 జనవరిలో 43 ఏళ్ళకే పోయాడు.

డబ్బు తీసుకుని వేసినవాడికి ఎంపిక హక్కు గురించి మాట్లాడే అర్హత ఏముందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కవరు కొనగలిగేది మొదటి వారాన్ని మాత్రమే. ఫోన్లు రాకపోతే, దుకాణంలో కదలకపోతే, ఆ రికార్డుని రెండో వారం వేసే డీజే శ్రోతల్ని పోగొట్టుకుంటాడు. పైగా పాటలు వేయించుకోవడానికి డబ్బు పెట్టడం రాక్ అండ్ రోల్‌తో పుట్టలేదు. అంతకు ముందు తరంలో నాటకశాలల్లో పాడేవాళ్ళకి పాటల ప్రచురణకర్తలు ఇదే చేశారు. చిన్న కంపెనీకి, నల్లజాతి గాయకుడికి పెద్ద నెట్‌వర్కుల తలుపులు ఎలాగూ మూసే ఉన్నాయి. తెరిచి ఉన్న కిటికీ డీజే ఒక్కడే. ఆ కిటికీ దగ్గర డబ్బు చేతులు మారడం తప్పే. దానికి మందుగా కిటికీనే మూసెయ్యడం ఇంకా పెద్ద తప్పు.

ఫెడరల్ ప్రసార చట్టానికి 1960లో వచ్చిన సవరణ, ప్రసారంలో చెప్పకుండా డబ్బు తీసుకుంటే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు అంది. చెప్పి తీసుకుంటే నేరం కాదు. యజమానులకి భయం పట్టుకుంది. లైసెన్సు పోతే స్టేషనే పోతుంది. సులువైన మార్గం అప్పటికే సిద్ధంగా ఉంది: ఒమాహాలో టాడ్ స్టోర్జ్, డాలస్‌లో గోర్డన్ మెక్‌లెండన్ 1950లలో నడిపించిన ‘టాప్ 40’ పద్ధతి. కొద్ది పాటలు, అవే మళ్ళీ మళ్ళీ. పాటల జాబితా ప్రోగ్రామ్ డైరెక్టరు తయారుచేస్తాడు. డీజే చేతికి ఆ జాబితా వస్తుంది, ఏది ఏ వేళకి వెయ్యాలో అందులోనే ఉంటుంది. వేలి నేర్పు అలాగే ఉంది, మాట చురుకూ ఉంది. పళ్ళెం మీదికి ఏ రికార్డు రావాలో చెప్పే అధికారం పక్క గదికి వెళ్ళిపోయింది. అచ్చుపడని లాకరు పళ్ళేన్ని ఒక రాత్రి పదిసార్లు వేసే మనిషికి ఈ పద్ధతిలో చోటు లేదు.

విన్స్‌లో సంగతి మధ్యలో వదిలేశాను. 1949లో జాక్స్ బీరు కంపెనీ ఆయన్ని పిలిచి ‘డాక్టర్ డాడీ-ఓ’ పేరుతో డబ్ల్యూడబ్ల్యూఈజెడ్‌లో కార్యక్రమం ఇచ్చింది. ఈసారి రికార్డులు ఎంచింది, మాటలు రాసింది, పలికింది అన్నీ ఆయనే. ప్రసారం జరిగింది కాసిమో మతాసా నడిపిన జె అండ్ ఎం స్టూడియో నుంచి. ఫ్యాట్స్ డామినో అదే డిసెంబరులో తన మొదటి రికార్డు చేసింది ఆ స్టూడియోలోనే. స్టూడియోలో పాడినవాళ్ళకీ, ఊళ్ళో వినేవాళ్ళకీ మధ్య అడ్డంగా ఇంకెవరూ లేరు.

జాబితా పక్క గదికి వెళ్ళాక డబ్బు కూడా ఆ గదికే వెళ్ళింది. డీజేలు వందలమంది ఉన్నప్పుడు వందలమందిని మెప్పించాలి. జాబితా రాసేది ఒక్కరైతే ఒక్కరు చాలు. 2005లో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ ఇదే పేయోలా మీద విచారణ జరిపి సోనీ బీఎంజీతో కోటి డాలర్లు కట్టించినప్పుడు, ఆ కంపెనీ నుంచి ప్రయాణాలూ కానుకలూ అందుకున్నవాళ్ళలో ప్రోగ్రామ్ డైరెక్టర్లు ఉన్నారు.